చదవడానికి మాత్రమే తెరిచిన ఫైలులోకి రాత ఎలా వెళ్లింది? డర్టీ పైప్ గురించి వివరంగా

మీరు అడిగినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో పెడతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా సందర్భం తెలియాలి కాబట్టి. మీ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఒక డెబియన్ 11 (లైనక్స్‌లో ఒక రకం) సర్వరు ఉంది. పిల్లలందరికీ షెల్ అకౌంట్లు ఉన్నాయి, ఎవరికీ సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే అనుమతి) లేదు. భద్రతా లోపాలు వెతికే స్కానర్ నడిపితే సీవీఈ-2022-0847 (సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే నంబరు), అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నల్‌లో ఉన్న డర్టీ పైప్ అనే లోపం, అని ఎర్రగా చూపించింది. పాస్‌వర్డ్ ఫైలుకు పర్మిషన్లు 644 (అందరూ చదవొచ్చు, యజమాని మాత్రమే రాయొచ్చు), యజమాని రూట్, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతా. యూఎస్ఆర్ డైరెక్టరీని రీడ్-ఓన్లీగా మౌంట్ చేశారు. కొన్ని ఫైళ్లకు, వాటిని ఎవరూ మార్చకుండా ఆపే ఇమ్యూటబుల్ బిట్ కూడా పెట్టారు. ఇంత బిగించాక, చదివే హక్కు మాత్రమే ఉన్న కుర్రాడు అందులో ఎలా రాయగలడన్నది మీ మొదటి ప్రశ్న. 5.10.102 కెర్నల్‌లో సరిచేశారని అందరూ అంటున్నారు, మాది 5.10.92, అయినా అప్‌డేట్ పూర్తయిందని చెబుతోంది, ఏది నమ్మాలన్నది రెండోది. ఎలాగూ లోకల్ బగ్గే (మెషీన్ మీద ముందే కోడు నడపగలవాళ్లే వాడుకోగల తప్పు) కదా, పరీక్షలయ్యేదాకా ఆగొచ్చా అన్నది మూడోది.

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఆగొద్దు. మీరు పెట్టిన పర్మిషన్లు గానీ, రీడ్-ఓన్లీ మౌంట్ గానీ, ఇమ్యూటబుల్ బిట్ గానీ ఈ బగ్గు ముందు నిలబడవు. మీరు తప్పుగా పెట్టారని కాదు, అన్నీ సరిగ్గానే పెట్టారు. మీరు కాపలా పెట్టిన దారిలో ఆ రాత రాదు, అంతే. కెర్నల్ మార్చి రీబూట్ చేయడం ఒక్కటే మందు. అదెందుకో అర్థమైతే మిగతా జవాబులు తేలిగ్గా తెలిసిపోతాయి కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఒక ప్రోగ్రాం ఫైలు చదవమని అడిగినప్పుడు కెర్నల్ డిస్కు మీదున్నదాన్ని నేరుగా తెచ్చి దాని చేతిలో పెట్టదు. ముందు మెమరీలోకి 4096 బైట్ల పేజీలుగా తెచ్చుకుంటుంది. దీన్నే పేజ్ క్యాష్ అంటాం. ఆ తర్వాత అదే ఫైలును ఎవరు చదివినా, మీరు చదివినా, రూట్ చదివినా, లాగిన్ ప్రోగ్రాం చదివినా, అందరికీ కనిపించేది ఆ ఒక్క పేజీయే. యూజర్‌కో కాపీ ఉండదు. మరి హక్కుల తనిఖీ ఎక్కడ జరుగుతుంది? ఫైలు తెరిచేటప్పుడు జరుగుతుంది. రైట్ కాల్ వచ్చినప్పుడు, ఈ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చిన నంబరును) రాయడానికి తెరిచారా లేదా అని మళ్లీ చూస్తుంది. అంతవరకే. ఆ పేజీలో బైట్లు మార్చగల ప్రతి కెర్నల్ లైను దగ్గరా తనిఖీ ఉండదు, ఉంటే సిస్టమ్ నడవదు. ఫైలు రీడ్-ఓన్లీ మౌంట్‌లో ఉన్నా, సీడీ మీద ఉన్నా, మెమరీలోకి వచ్చిన దాని పేజీ మామూలు ర్యామే. కెర్నల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు అందులో రాయగలదు.

ఇప్పుడు పైపు సంగతి. షెల్‌లో నిలువు గీత పెట్టి రెండు కమాండ్లను కలుపుతాం కదా, అదే. లోపల అదొక రింగు. మామూలుగా అందులో 16 గదులుంటాయి, ఒక్కో గది ఒక్కో పేజీని చూపిస్తుంది, మొత్తం 64 కేబీ. గదికి ఒక చిన్న రికార్డు ఉంటుంది: ఏ పేజీ, అందులో డేటా ఎక్కడ మొదలు, పొడవెంత, ఇంకా కొన్ని ఫ్లాగులు. పైపులోకి ఎవరైనా ఐదు బైట్లు రాస్తే కెర్నల్ ఒక కొత్త పేజీ తీసి అందులో పెడుతుంది. వెంటనే ఇంకో ఐదు రాస్తే, వాటికోసం మరో పేజీ ఎందుకు దండగని, ముందు పేజీలో మిగిలిన చోటే వాడుకుంటుంది. ఈ గదిలో ఇలా చేర్చుకోవచ్చు అని చెప్పే ఫ్లాగు పేరు క్యాన్-మెర్జ్. పేజీ పైపు సొంతానిదే కాబట్టి ఇందులో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది స్ప్లైస్ దగ్గర మొదలవుతుంది. 2006 లో లైనక్స్‌లోకి వచ్చిన సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ను పని అడిగే దారి) ఇది. ఫైలులోని డేటాను సాకెట్‌కు (నెట్‌వర్క్ కనెక్షన్‌కు) పంపాలంటే మామూలుగా ప్రోగ్రాం మెమరీలోకి ఒకసారి, అక్కణ్నుంచి మళ్లీ కెర్నల్‌లోకి ఒకసారి కాపీ చేయాలి. స్ప్లైస్‌తో ఆ రెండు కాపీలూ తప్పుతాయి. పేజ్ క్యాష్‌లో ఉన్న ఫైలు పేజీనే తీసుకెళ్లి పైపు గదికి తగిలిస్తుంది. పెద్ద ఫైళ్లు పంపే సర్వర్లకు దీనివల్ల చాలా లాభం. కానీ ఇప్పుడు ఆ గది చూపిస్తున్నది పైపు సొంత పేజీని కాదు, ఫైలు పేజీని. అలాంటి గది మీద క్యాన్-మెర్జ్ ఫ్లాగు ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. ఉందంటే, ఆ తర్వాత పైపులోకి రాసిన బైట్లు పోయి ఫైలు పేజీలో పడతాయి.

సరిగ్గా అదే జరిగింది. రింగులోని గదులను కెర్నల్ తిప్పి తిప్పి వాడుతుంది. స్ప్లైస్ కోసం గదికి కొత్త పేజీ తగిలించే కోడు, పేజీని నింపింది, మొదలు నింపింది, పొడవు నింపింది, ఫ్లాగులను మాత్రం తుడవలేదు. ఉప్పు డబ్బా ఖాళీ చేసి పంచదార పోసి, పైనున్న చీటీ పీకడం మరిచిపోయినట్టు. ముందు ఆ గదిలో ఉన్న మామూలు డేటా తాలూకు క్యాన్-మెర్జ్ గుర్తు, ఇప్పుడు ఫైలు పేజీకి అంటుకుంది.

దాడి చేసేవాడికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. పైపు నిండా ఏదో ఒకటి రాస్తే 16 గదులకూ గుర్తు పడుతుంది. అదంతా చదివేస్తే డేటా పోతుంది, గుర్తులు మిగిలిపోతాయి. తనకు చదివే హక్కున్న ఫైలు నుంచి ఒక్క బైటు ఆ పైపులోకి స్ప్లైస్ చేసి, ఆ తర్వాత మామూలుగా పైపులోకి రాస్తే, ఆ రాత ఫైలు పేజీలో ఆ బైటు పక్కనుంచి పడుతుంది. పైపు తనదే, రాసే హక్కూ తనదే. ఫైలును అడిగింది చదవడానికే. ఏ తనిఖీ దగ్గరా అతను అబద్ధం చెప్పలేదు. అందుకే ఏ తనిఖీ అతన్ని ఆపలేదు.

దీన్ని నేను ఇంత సీరియస్‌గా తీసుకోవడానికి కారణం ఉంది. 2016 లో వచ్చిన డర్టీ కౌ మీకు గుర్తుండే ఉంటుంది, సీవీఈ-2016-5195. దాని ఫలితం కూడా ఇలాంటిదే, కానీ అందులో రెండు థ్రెడ్లు పోటీపడి సరైన క్షణం దొరికేదాకా ప్రయత్నించాలి. ఒక్కోసారి మెషీన్ పడిపోయేది కూడా. డర్టీ పైప్‌లో పోటీ లేదు, మెమరీ చిరునామాలు కనిపెట్టే పని లేదు. మొదటిసారే పని చేస్తుంది. కెర్నల్ పడిపోదు, లాగులో ఒక్క లైను పడదు. కొన్ని పరిమితులున్న మాట నిజం: పేజీలో మొట్టమొదటి బైటును మార్చలేరు, ఒక రాత పేజీ హద్దు దాటదు, ఫైలు సైజు పెంచలేరు, చదివే హక్కు ఉండి తీరాలి. కానీ వీటిలో ఏదీ మిమ్మల్ని కాపాడదు. పాస్‌వర్డ్ ఫైలును అందరూ చదవాలి, లేకపోతే ఎల్ఎస్ కమాండ్ యూజర్ల పేర్లు కూడా చూపించలేదు. సెట్‌యూఐడీ ప్రోగ్రాములను (ఎవరు నడిపినా యజమాని హక్కులతో నడిచేవాటిని) మామూలుగా అందరూ చదవగలరు. రూట్ నడిపే ప్రతి సర్వీసూ వాడుకునే సీ లైబ్రరీని కూడా అందరూ చదవగలరు. వీటిలో ఏ ఒక్కదాంట్లో కొన్ని బైట్లు మారినా రూట్ చేతికి వచ్చినట్టే.

ఇంత పెద్ద కన్నం ఎలా వచ్చిందన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. ఫ్లాగులు తుడవని ఆ కోడు 2016 లో, 4.9 కెర్నల్‌లో వచ్చింది. అప్పటికి అది తప్పే గానీ, ఆ ఫ్లాగుల్లో ప్రమాదకరమైనది ఏదీ లేదు. పాత గుర్తు మిగిలినా నష్టం లేదు. చేర్చొచ్చా లేదా అన్న సంగతి అప్పట్లో ఫ్లాగులో ఉండేది కాదు, గది ఏ రకానిదో చెప్పే ఆపరేషన్ల పట్టికలో ఉండేది. 2019 లో 5.0 కెర్నల్‌లో దాన్ని ఆ పట్టిక ఏదో పోల్చి చూసే పద్ధతికి మార్చారు. 2020 లో 5.8 కెర్నల్‌లో ఇంకొకరు కోడు శుభ్రం చేస్తూ, ఆ పోలికను తీసేసి, గదికో ఫ్లాగు పెట్టారు. ఆ మార్పు చదివితే ఎంతో నీటుగా ఉంటుంది. దాంతో నాలుగేళ్ల కిందటి హాని లేని తప్పు ఒక్కసారిగా రూట్ ఇచ్చే తప్పయింది. 2020 మార్పును రివ్యూ చేసినవాళ్లకు 2016 లైన్లు కనిపించవు, ఎందుకంటే ఆ మార్పు వాటిని ముట్టుకోనే లేదు. తేడాలు మాత్రమే చూసే రివ్యూలో ఇలాంటివి దొరకవు.

కాబట్టి సీ లో కోడు రాసే మీ పిల్లలకు ఈ ఉదాహరణ తప్పకుండా చూపించండి. ఒక స్ట్రక్చర్‌ను మళ్లీ వాడేటప్పుడు ఒక్కో ఫీల్డును విడివిడిగా నింపడం కన్నా, మొత్తం స్ట్రక్చర్‌ను ఒకే అసైన్‌మెంట్‌తో నింపితే, మీరు పేరు చెప్పని ఫీల్డులన్నీ సున్నా అవుతాయి. రేపు ఎవరో కొత్త ఫీల్డు చేర్చినా, పాత ఫీల్డుకు కొత్త అర్థం ఇచ్చినా, ఆ చోటు దెబ్బతినదు. ఈ బగ్గుకు వేసిన ప్యాచ్ (సరిచేసే మార్పు) చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు ఫంక్షన్లలో ఒక్కో లైను, రెండింట్లోనూ ఫ్లాగులు సున్నా అని రాయడమే. రెండంటే రెండే లైన్లు.

కనిపెట్టిన తీరు కూడా చెప్పాలి. దీన్ని పట్టుకున్న మాక్స్ కెల్లర్‌మాన్ సెక్యూరిటీ బగ్గుల కోసం వెతకలేదు. జర్మనీలో సీఎంఫోర్ఆల్ అనే వెబ్ హోస్టింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థలో ఆయన ఇంజనీరు. 2021 ఏప్రిల్ 29 న ఒక కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చింది: డౌన్‌లోడ్ చేసుకున్న యాక్సెస్ లాగులు విప్పుతుంటే సీఆర్‌సీ (డేటా చెడిందేమో చూసే లెక్క) ఎర్రర్ వస్తోందని. రోజుకో జీజిప్ (కుదించిన) ఫైలు, నెల మొత్తానివి కలిపి కస్టమర్‌కు ఇచ్చేవారు. ఫైలు లోపలి డేటా బాగానే ఉంది, చివర ఉండే ఎనిమిది బైట్లే చెడిపోయాయి. సరిచేసి ఇచ్చారు. కొన్ని నెలలకు మళ్లీ అదే. ఆ తర్వాత మళ్లీ.

చెడిన ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, చెడేది ఎక్కువగా నెలలో చివరి రోజు ఫైలే. రెండు, ఆ ఎనిమిది బైట్లు ప్రతిసారీ అవే: 50 4బీ 01 02 1ఈ 03 14 00. మొదటి రెండు బైట్లను అక్షరాలుగా చదివితే పీ, కే. జిప్ ఫార్మాట్ తెలిసినవాళ్లకు అది వెంటనే వెలుగుతుంది. జిప్ ఫైలు చివర ఉండే సెంట్రల్ డైరెక్టరీ హెడర్ అలాగే మొదలవుతుంది. మరి జిప్ హెడర్ జీజిప్ ఫైలులోకి ఎలా వచ్చింది? ఆ నెల లాగులన్నీ జిప్‌గా కావాలని ఎవరైనా అడిగితే, ఒక వెబ్ సర్వీసు ఆ రోజువారీ ఫైళ్లను స్ప్లైస్‌తో పంపి, అన్నీ అయ్యాక సెంట్రల్ డైరెక్టరీని మామూలు రైట్‌తో పంపేది. ఆ సర్వీసుకు లాగు ఫైళ్లలో రాసే హక్కు లేనే లేదు. కానీ చివరి ఫైలు స్ప్లైస్ అయిన వెంటనే వచ్చే రైట్ అదే. ఇప్పటిదాకా చెప్పిన క్యాన్-మెర్జ్ సంగతి తెలిసినవాళ్లకు ఇక్కడ మొత్తం బొమ్మ కనిపిస్తుంది. పొడవైన హెడర్‌లో ఎనిమిది బైట్లే ఎందుకు కనిపించాయంటే, ఫైలులో అంతే చోటు మిగిలింది. ఫైలు పెరగదు కదా.

ఆయన మాత్రం ఆ బొమ్మ ముందే తెలియకుండా అక్కడికి చేరాడు. తన కోడులో తప్పుందా, హార్డువేర్‌లో తప్పుందా అని అన్నీ తీసేస్తూ వచ్చి, చివరకు కెర్నల్‌నే అనుమానించాడు. రెండు చిన్న ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఫైలులోకి ఇంగ్లీషు ఏ (A) అక్షరాలే రాస్తూ ఉంటుంది. ఇంకోటి ఆ ఫైలును చదవడానికే తెరిచి, పైపులోకి స్ప్లైస్ చేసి, ఆ వెనకే పైపులోకి బీ (B) అక్షరాలు రాస్తూ ఉంటుంది. ఫైలులో బీ అక్షరాలు వచ్చాయి. బీ అక్షరాన్ని ఆ ఫైలులో రాసే ప్రోగ్రామే లేదు. అలా వచ్చాయంటే తప్పు కెర్నల్‌దే. 5.10 లో తప్పుంది, 4.19 లో లేదు. ఆ రెంటి మధ్య 1,85,011 కమిట్లు (కోడులో చేసిన మార్పులు). ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌తో 17 అడుగుల్లో ఆ 2020 కమిట్ దొరికింది.

అక్కణ్నుంచి పనులు ఎంత వేగంగా నడిచాయో చూడండి. ఇది కెర్నల్ బగ్గని, దాడికి పనికొస్తుందని తేలింది 2022 ఫిబ్రవరి 19 న. మర్నాడు కెర్నల్ సెక్యూరిటీ బృందానికి రిపోర్టు వెళ్లింది. 21 న గూగుల్ పిక్సెల్ 6 మీద కూడా పని చేస్తుందని తేలి, ఆండ్రాయిడ్ బృందానికీ చెప్పారు. 23 న 5.16.11, 5.15.25, 5.10.102 విడుదలయ్యాయి. 28 న డిస్ట్రోలకు (డెబియన్ లాంటి లైనక్స్ పంపిణీలకు) సమాచారం, మార్చి 7 న అందరికీ. ఆ ఫిర్యాదులను ప్రతిసారీ "సీఆర్‌సీ సరిచేశాం, టికెట్ మూసేస్తున్నాం" అని వదిలేసి ఉంటే, ఈ కన్నం ఎవరు ముందు కనిపెట్టేవాళ్లో చెప్పలేం. మీ ల్యాబ్‌లో ఎవరైనా "నా ఫైలు దానంతటదే మారిపోయింది సార్" అంటే నవ్వి పంపేయకండి.

ఇక రెండో ప్రశ్న, వెర్షన్. 5.10.102 అన్నది అసలు కెర్నల్‌ను విడుదల చేసే కెర్నల్ డాట్ ఆర్గ్ వాళ్ల లెక్క. డిస్ట్రోలు అలా నడవవు. డెబియన్ వాళ్లు 2022 మార్చిలో పూర్తిగా కొత్త కెర్నల్‌కు మారకుండా, ఆ ప్యాచ్‌ను తమ దగ్గరున్న 5.10.92 కే తెచ్చి కలిపారు. దాని పేరు 5.10.92-2. అంటే 5.10.92-1 లో బగ్గుంది, 5.10.92-2 లో లేదు. తేడా అంతా ఆ చివరి అంకెలోనే. మీ స్కానర్ ఆ అంకె చూడకుండా మధ్యలో ఉన్న 92 చూసి ఎర్రగా పెట్టి ఉండొచ్చు. లేదా నిజంగానే మీది -1 అయి ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. యూనేమ్ -ఆర్ (uname -r) కొడితే డెబియన్‌లో 5.10.0 అని మొదలయ్యే పేరు వస్తుంది. అది ప్యాకేజీ వెర్షన్ కాదు, మాడ్యూళ్లు (కెర్నల్‌కు తగిలించే ముక్కలు) సరిపోతాయా లేదా తెలిపే పేరు. ప్యాచ్ లేని కెర్నల్‌కూ ఉన్న కెర్నల్‌కూ అదే పేరు ఉండొచ్చు. మీరు కొట్టాల్సింది యూనేమ్ -వీ (uname -v). అందులో డెబియన్ అన్న మాట పక్కన అసలు వెర్షన్, చివరి అంకెతో సహా కనిపిస్తుంది. ఇంకో సంగతి: అప్‌డేట్ పూర్తయిందని ఆప్ట్ (డెబియన్‌లో అప్‌డేట్లు తెచ్చే ప్రోగ్రాం) చెప్పిందంటే కొత్త కెర్నల్ డిస్కు మీదకు వచ్చిందని మాత్రమే అర్థం. మెమరీలో నడుస్తున్నది మీరు చివరిసారి బూట్ చేసినప్పటిదే. ల్యాబ్ సర్వర్లు నెలల తరబడి రీబూట్ కాకుండా నడవడం మామూలే, అప్‌డేట్ చేశామనే ధీమా కూడా అక్కడే ఎక్కువ.

ఒకవేళ మీది -2 అని తేలినా నిశ్చింతగా కూర్చోవద్దు. 2022 మార్చి కెర్నల్ తర్వాత ఎన్నో వచ్చాయి. సీవీఈ-2024-1086 చూడండి, కెర్నల్ ఫైర్‌వాల్ అయిన నెట్‌ఫిల్టర్‌లోని ఎన్ఎఫ్-టేబుల్స్‌లో, విడిచిపెట్టిన మెమరీని మళ్లీ వాడే తప్పు. అది 3.15 కెర్నల్ నుంచీ ఉంది. దానికి దాడి కోడు కూడా బయట తిరుగుతోంది. దాన్ని చేరాలంటే మామూలు యూజర్‌కు యూజర్ నేమ్‌స్పేస్ (లోపల తానే రూట్‌గా ఉండే వేరు గిరి) కావాలి కాబట్టి, ఆ సౌకర్యం ఆపేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. డర్టీ పైప్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. అది వాడేది పైపు, స్ప్లైస్, రైట్. వీటిలో పైపు, రైట్ ఆపితే షెల్లే నడవదు. ఎస్ఈలైనక్స్ అనే అదనపు కాపలా చదవడానికి ఒప్పుకున్న ఫైలునే ఇది చదవడానికి తెరుస్తుంది కాబట్టి అదీ ఆపదు. ప్రోగ్రాములను కంటెయినర్లనే వేరువేరు గదుల్లో నడిపే డాకర్‌లో మామూలుగా ఉండే సెక్‌కాంప్ ప్రొఫైల్ (ఏ సిస్టమ్ కాల్స్ ఒప్పుకోవాలో చెప్పే జాబితా) స్ప్లైస్‌ను ఒప్పుకుంటుంది. కంటెయినర్లో ఉన్నాం కదా అనే ధైర్యమూ వద్దు. కెర్నల్ ఒకటే, పేజ్ క్యాష్ ఒకటే. ఒకే ఇమేజ్ లేయర్ (కలిసి పంచుకునే ఫైళ్ల పొర) మీద పది కంటెయినర్లు నడుస్తుంటే, ఒకదాంట్లో మార్చిన పేజీ మిగతా తొమ్మిదింటికీ కనిపిస్తుంది.

మూడో ప్రశ్నకు మళ్లీ వస్తాను. లోకల్ బగ్గు కాబట్టి బయటివాడు ఏం చేయలేడన్నది, మెషీన్ మీద బయటివాడి కోడు ఎప్పటికీ నడవదనే నమ్మకం మీద నిలబడిన మాట. డర్టీ కౌ ఎలా బయటపడిందో చూడండి. ఫిల్ ఓస్టర్ అనే ఇంజనీరు చూసుకునే ఒక సైటులోకి ఎవరో చొరబడి, ఆ దాడి ప్రోగ్రాంను అప్‌లోడ్ చేసి నడిపారు. ఆయన లోపలికొచ్చే హెచ్‌టీటీపీ ట్రాఫిక్ మొత్తాన్ని రికార్డు చేసే అలవాటున్నవాడు కాబట్టి ఆ ప్రోగ్రాం దొరికింది. ముందు వెబ్ అప్లికేషన్‌లో చిన్న కన్నం, దాంతో మామూలు యూజర్ హక్కులు, అక్కణ్నుంచి లోకల్ బగ్గుతో రూట్. దాడులు నడిచే దారి అదే. మీ దగ్గరైతే మొదటి మెట్టు కూడా అక్కర్లేదు, షెల్ మీరే ఇచ్చారు. పిల్లలు చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు. వాళ్లలో ఒక్కరి పాస్‌వర్డ్ వేరే ఏదో సైటులో బయటపడి, అదే పాస్‌వర్డ్ ఇక్కడా ఉంటే చాలు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ముందు యూనేమ్ -వీ చూడండి. -1 అయినా అంతకన్నా పాతదైనా, ఈ రాత్రికే పిల్లల లాగిన్‌లు ఆపి, డెబియన్ సెక్యూరిటీ రిపోజిటరీ నుంచి అందుబాటులో ఉన్న తాజా కెర్నల్ పెట్టి రీబూట్ చేయండి. ఆ విడుదలకు మద్దతు ముగిసిందంటే, కొత్త విడుదలకు మారే పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

కానీ రీబూట్‌కు ముందు ఒక పని ఉంది, ఇది చాలామంది మరిచిపోతారు. ఈ బగ్గు ద్వారా మారిన పేజీని కెర్నల్ డర్టీ పేజీగా (మారింది, డిస్కు మీద రాయాలి అనే పేజీగా) గుర్తించదు. కాబట్టి ఆ మార్పు మామూలుగా డిస్కు మీదకు వెళ్లదు. ఫైలు మారిన తేదీ కూడా మారదు. రీబూట్ చేస్తే పాత ఫైలే తిరిగొస్తుంది, ఆధారమూ పోతుంది. అందుకని ముందుగా సెట్‌యూఐడీ ప్రోగ్రాములకు, పాస్‌వర్డ్ ఫైలుకు, సీ లైబ్రరీకి మామూలుగా ఒకసారి హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) తీయండి. తర్వాత డీడీ కమాండుకు డైరెక్ట్ ఐఓ ఆప్షన్ ఇచ్చి అవే ఫైళ్లను చదివి మళ్లీ హాష్ తీయండి. ఎక్స్ట్4 లాంటి మామూలు ఫైల్‌సిస్టమ్‌లో ఈ రెండో పద్ధతి పేజ్ క్యాష్‌ను పక్కనపెట్టి డిస్కునే చదువుతుంది. ఏ ఫైలుకైనా రెండు హాష్‌లు వేరుగా వస్తే, మెమరీలో దాన్ని ఎవరో మార్చారు. రెండూ ఒకటే అయితే ఇప్పుడు మార్పు లేదని అర్థం, ఎప్పుడూ జరగలేదని కాదు. బయట తిరిగిన దాడి ప్రోగ్రాముల్లో కొన్ని రూట్ షెల్ సంపాదించగానే మార్చిన బైట్లను యథాస్థానంలో పెట్టేస్తాయి. టెంప్ డైరెక్టరీలో రూట్ యజమానిగా, సెట్‌యూఐడీ బిట్‌తో ఏదైనా ఫైలుందేమో తప్పకుండా వెతకండి. రూట్ ఖాతాలోని ఎస్ఎస్‌హెచ్ కీలు, క్రాన్ పనులు, సిస్టమ్‌డీ యూనిట్లు కూడా చూడండి. రూట్ దొరికినవాడు తర్వాత చేసే పనులు డిస్కు మీద ఉంటాయి, వాటిని రీబూట్ తుడవదు.

వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా, శుభ్రం చేసే ప్రయత్నం వద్దు. పిల్లల హోమ్ డైరెక్టరీలు, డేటాబేసులు బ్యాకప్ తీసుకుని, సర్వరును మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేయండి. అందరి పాస్‌వర్డ్‌లు, ఆ సర్వరులో ఉన్న ప్రైవేటు కీలన్నీ మార్చండి. యూనేమ్ -వీ లైను, తేడా వచ్చిన హాష్‌లు ఉంటే అవీ పంపండి, చూసి చెబుతాను.